నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలే

మా వారికి యాభై దాటాక రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. ఒకటి, రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినడం. రెండోది, ఆ రొట్టె తింటూ ఫోన్లో స్పోర్ట్స్ కార్ల వీడియోలు చూడటం. మొదటిది డాక్టరు చెప్పాడు. రెండోది ఎవరూ చెప్పలేదు.

మేం మిషిగన్‌కి వచ్చి ఇరవై మూడేళ్లు. ఉండేది డెట్రాయిట్ పక్కన, నోవైలో. కార్లు తయారయ్యే ఊరి పక్కనే ఉంటూ, కార్ల కంపెనీలకే సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఇన్నేళ్లూ ఆయన నడిపినవి మాత్రం పిల్లల కార్ సీట్లూ, బియ్యం బస్తాలూ, ఇండియా నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులూ పట్టే బండ్లే. అబ్బాయి కాలేజీకి వెళ్లిపోయాడు. అమ్మాయికి వచ్చే ఏడాదితో హైస్కూలు అయిపోతుంది. పోయిన జనవరిలో ఒక రాత్రి, కడిగిన గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగారు: "ఒక్క కారు నాకోసం కొనుక్కోనా?"

ఆ అడిగిన తీరుకి సగం కరిగిపోయాను. మిగతా సగం భయపడ్డాను. భయం ఆయన గురించి కాదు. ఇరవై ఏళ్ల కొడుకు సెలవులకి ఇంటికొస్తాడు, కారు తాళాలు తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతుంటాయి. అదీ నా భయం. కానీ అది పైకి చెప్పలేదు. "కొనుక్కోండి. కానీ ఆల్ వీల్ డ్రైవ్ అయితేనే. ఇక్కడి మంచులో అదే సేఫ్టీ" అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఏదో గెలిచాననుకున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బండి కదిలితే నాలుగు చక్రాలూ తిరుగుతాయి, అది అందరికీ తెలిసిందే. ఇంజన్ బలం ఏ చక్రాలకి వెళ్తుందన్నదే ఇక్కడి సంగతి. వెనక రెండు చక్రాలకే వెళ్తే రియర్ వీల్ డ్రైవ్. మన చిన్నప్పటి అంబాసిడర్ అలాంటిదే. ముందు రెండింటికీ వెళ్తే ఫ్రంట్ వీల్ డ్రైవ్, మారుతీ 800 లాగా. నాలుగింటికీ వెళ్లగలిగితే ఆల్ వీల్ డ్రైవ్. స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా పోటీ వెనక చక్రాలకీ, నాలుగు చక్రాలకీ మధ్యే. మా వారు మనసు పడ్డ బీఎండబ్ల్యూ ఎం240ఐ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. ఇంజన్ ఒకటే, 382 హార్స్ పవర్. డీలరు దగ్గర నాలుగు చక్రాలదానికి ఇంకో రెండు వేల డాలర్ల దాకా ఎక్కువ చెప్పారు. "ప్రాణం కన్నా ఎక్కువా" అన్నాను నేను.

మా చుట్టుపక్కల ఇళ్లలో ఈ బేరం చాలాసార్లు విన్నాను. భర్త వేగంగా పోయే కారు అడుగుతాడు. భార్య ఆల్ వీల్ డ్రైవ్ అడుగుతుంది. ఇద్దరూ తలో మెట్టు దిగి, ఎవరికి వారు గెలిచామనుకుని డీలరు దగ్గరికి వెళ్తారు. ఈ బేరం తప్పని నేనిప్పుడు అనుకుంటున్నాను. అలా అనుకోవడానికి నాకో ఫిబ్రవరి ఉదయం కావలసి వచ్చింది.

ఆ రోజు అమ్మాయి స్కూలు బస్సు తప్పిపోయింది. దింపుదామని నా ఎస్‌యూవీ తీశాను. అదీ ఆల్ వీల్ డ్రైవే. రాత్రి కురిసిన మంచు మీద పొద్దున్న సన్నటి జల్లు పడి గడ్డకట్టింది. మా డ్రైవ్‌వే కొంచెం ఎత్తు. పక్కింటాయన కారు తన డ్రైవ్‌వే చివర చక్రాలు గిర్రున తిప్పుకుంటూ అక్కడే ఉండిపోయింది. నా బండి మాత్రం ఏమీ జరగనట్టు రోడ్డెక్కేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది.

మా కాలనీ దాటే చోట రోడ్డు కిందికి వాలి, చివర స్టాప్ గుర్తు ఉంటుంది. గంటకి పాతిక మైళ్ల వేగం కూడా లేదు. బ్రేక్ నొక్కాను. కాలి కింద పెడల్ గడగడలాడింది. బండి ఆగలేదు. చక్రాలు అటు తిప్పినా ఇటు తిప్పినా దానికి పట్టనట్టు తిన్నగా జారుకుంటూ పోయి, స్టాప్ గుర్తు దాటి, అడ్డ రోడ్డు మధ్యలో నిలబడింది. కుడివైపు నుంచి వస్తున్న పికప్ ట్రక్కు మనిషి ముందే చూసి ఆపుకున్నాడు కాబట్టి సరిపోయింది. మా అమ్మాయి కూర్చున్నది కుడివైపే. "అమ్మా, వెళ్దాం, ఏం కాలేదుగా" అని అదే నాకు చెప్పింది. దాన్ని దింపి, స్కూలు పార్కింగ్‌లోనే పదిహేను నిమిషాలు కూర్చుండిపోయాను.

మర్నాడు టైర్ల షాపుకి వెళ్లాను. అక్కడ తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన చిన్న కొలబద్దతో టైరు మీది గీతల లోతు చూశాడు. ఆ లోతుని ఇక్కడ అంగుళంలో ముప్పై రెండో వంతుల్లో లెక్కపెడతారు. కొత్త టైరుకి దాదాపు పది ఉంటాయి. నా టైర్లకి మూడే ఉన్నాయి. రెండుకి వచ్చాయంటే పారెయ్యాల్సిందే. "నాది ఆల్ వీల్ డ్రైవ్ కదండీ" అన్నాను, ఎలా జారిందో నాకిప్పటికీ అర్థం కాక. ఆయన నవ్వలేదు. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఆపడానికి అందరికీ ఉన్నవి అవే నాలుగు బ్రేకులు, అవే నాలుగు టైర్లు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అంత బాగా కదలబట్టే, టైర్లు అరిగిన సంగతి మీకు తెలియలేదు అని.

ఇంటికొచ్చేదాకా ఆ మాటే నమిలాను. పక్కింటాయనకి రోడ్డు సంగతి ఎక్కడ తెలిసింది? డ్రైవ్‌వేలోనే. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు, ఇవాళ జారుడుగా ఉందని అక్కడే అర్థమైంది. నాకెక్కడ తెలిసింది? పక్కన కూతుర్ని పెట్టుకుని, స్టాప్ గుర్తు దాటాక. రెండు చక్రాల బండి ప్రమాదం సంగతి బయల్దేరేటప్పుడే చెప్పేస్తుంది. నాలుగు చక్రాల బండి ఆగాల్సినప్పుడు చెబుతుంది. ఇది నాలుగు చక్రాల బండి తప్పు కాదు. దాని పని అది చేసింది. అది చెయ్యని పని కూడా చేస్తుందని నమ్మినదాన్ని నేను.

మా నాన్నకి తెనాలి దగ్గర నాలుగెకరాల మాగాణి ఉండేది. దమ్ము చేసే రోజుల్లో అద్దెకి ట్రాక్టర్ వచ్చేది. ముందు చిన్న చక్రాలు దారి చూపిస్తాయి, వెనక పెద్ద చక్రాలు తోస్తాయి, అచ్చం రియర్ వీల్ డ్రైవే. ఎంత బలమైన ఇంజనైనా మామూలు రబ్బరు టైర్లతో ఆ బురదలోకి దిగితే అక్కడే కూరుకుపోయేది. అందుకని పొలం గట్టు దగ్గరే దమ్ము చక్రాలు, ఆ ఇనుప పట్టీల చక్రాలు, తగిలించేవాళ్లు. అదే ట్రాక్టర్, అదే ఇంజన్, అదే బురద. నేలని పట్టుకునేది మారితే మొత్తం మారిపోయేది. పదేళ్ల వయసులో గట్టు మీద కూర్చుని చూసిన సంగతి, నలభై ఏడేళ్ల వయసులో టైర్ల షాపులో డబ్బిచ్చి నేర్చుకున్నాను.

ఇక్కడి చలికి దమ్ము చక్రాలంటే వింటర్ టైర్లే. వాటి పక్కన మూడు శిఖరాల కొండా, లోపల మంచు రేకు గుర్తూ ఉంటాయి. మామూలు టైర్లతో పోలిస్తే వాటి రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. స్పోర్ట్స్ కార్లకి చాలావాటికి ఫ్యాక్టరీ నుంచే సమ్మర్ టైర్లు వేసి పంపుతారు. ఎండలో రోడ్డుని బంకలా పట్టుకునే ఆ రబ్బరు, 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చేసరికి గట్టిపడి పట్టు వదిలేస్తుంది. మంచు పడక్కర్లేదు, చలి చాలు. అంటే సమ్మర్ టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు కన్నా, మంచి వింటర్ టైర్లున్న పాత కామ్రీ జనవరిలో నమ్మదగ్గ బండి. పక్కనే ఉన్న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ చట్టం అడిగేది టైర్ల గురించే. ఎన్ని చక్రాలకి బలం వెళ్తోందని అడగదు.

మరి ఆల్ వీల్ డ్రైవ్ ఎందుకూ పనికిరాదా అంటారేమో. ఆ మాట నేననను. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. అది ఇంతే ఉంటుంది. దాన్ని బండిని తోయడానికి వాడొచ్చు, మలుపు తిప్పడానికి వాడొచ్చు, ఆపడానికి వాడొచ్చు. ఒకదానికి ఎక్కువ ఖర్చుపెడితే ఇంకోదానికి తగ్గుతుంది. రియర్ వీల్ డ్రైవ్‌లో ముందు టైర్లకి తోసే పని లేదు. వాటి జీతమంతా మలుపుకే. అందుకే అలాంటి కారు స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుందని మా వారు అంటారు, నడిపి చూశాక నాకూ అలాగే అనిపించింది. పైగా ముందు చక్రాలకి బలం చేర్చే సామాను లేదు కాబట్టి ఒక మనిషి బరువు తగ్గుతుంది. ఆ తేడా మలుపుల్లో తెలుస్తుంది.

కానీ వెనక టైర్ల మీద భారం ఎక్కువ. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో, తొందరపడి యాక్సిలరేటర్ నొక్కితే వాటి జీతం చాలదు. కారు వెనక భాగం పక్కకి తోసుకొస్తుంది. అలవాటు లేనివాళ్లు కంగారులో కాలు తీసేస్తారు, లేదా బ్రేక్ మీద నిలబడతారు, అప్పుడు ఇంకా తిరిగిపోతుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిట్లో స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. కారు జారడం మొదలవగానే అదే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ప్రయత్నం చేస్తుంది. ఎన్నోసార్లు కాపాడుతుంది. అయితే అది కూడా టైరుకున్న పట్టునే వాడుకోవాలి, కొత్త పట్టు పుట్టించలేదు. ఆ జారుడు విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ నిజంగానే మేలు. బలాన్ని నాలుగు టైర్లకీ పంచుతుంది కాబట్టి యాక్సిలరేటర్ తప్పుల్ని చాలావరకు కాస్తుంది. ఆ మాట దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు.

ఈ చర్చ ఇంట్లో నడుస్తుండగా మా అబ్బాయి ఫోన్లో నాకు ఒక ఆవిడ గురించి చెప్పాడు. నాలుగు చక్రాల గొప్ప చెప్పి, నన్ను తన వైపు లాక్కుందామని వాడి ఎత్తు. ఆవిడ పేరు మిషెల్ మూటాన్, ఫ్రెంచి ఆవిడ. 1980లో ఆడి కంపెనీ క్వాట్రో అనే ఆల్ వీల్ డ్రైవ్ కారు తెచ్చింది. రాళ్లూ బురదా మంచూ ఉన్న దారుల్లో జరిగే ర్యాలీ పోటీల్లో ఆ కారు తోలి, 1981లో ఇటలీలోని శాన్‌రెమో ర్యాలీ గెలిచారు మూటాన్. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి మహిళ ఆవిడే. పక్కన దారి చదివి చెప్పింది కూడా ఇంకో ఆడమనిషి, ఫాబ్రిజియా పోన్స్. "చూశావా అమ్మా, నాలుగు చక్రాలు!" అన్నాడు వాడు.

వాడు చెప్పింది విని ఊరుకోకుండా మిగతాది నేనే చదువుకున్నాను. మరుసటి ఏడాది, 1982లో, ఆవిడ పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్ ర్యాలీలు గెలిచి, ప్రపంచ చాంపియన్ అయ్యే దగ్గరికి వచ్చేశారు. ఐవరీ కోస్ట్ ర్యాలీ మొదలయ్యే ముందు తండ్రి పోయాడన్న కబురొచ్చింది. అయినా పోటీకి దిగారు, ముందంజలో నిలిచారు. తర్వాత కారు ఇబ్బంది పెట్టింది, చివరికి ప్రమాదంలో పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది చాంపియన్ అయింది వాల్టర్ రోల్. ఆయన తోలింది ఓపెల్ ఆస్కోనా 400, రియర్ వీల్ డ్రైవ్ కారు! 1983లో కంపెనీల టైటిల్ కూడా రియర్ వీల్ డ్రైవ్ లాన్సియాకే వెళ్లింది. ఆ తర్వాత మాత్రం ఆ ఆట నాలుగు చక్రాలదే అయిపోయింది. మా వాడు ఆ కథలో చక్రాలు చూశాడు. నాకు మాత్రం కనిపించింది వేరు. జారే నేల మీద ఎన్నో గంటలు గడిపి, బండి ఏం చెబుతోందో వినడం నేర్చుకున్న మనిషి కనిపించింది. వెనక చక్రాలతో గెలిచిన ఆయనదీ అదే విద్య.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో ఉన్నది ఒక్క కారే అయి, మంచు పడినా పడకపోయినా దాన్ని తియ్యక తప్పకపోతే ఆల్ వీల్ డ్రైవే తీసుకోండి. రాత్రి డ్యూటీలకి వెళ్లే నర్సులూ, పిలిస్తే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన డాక్టర్లూ, ఎత్తు మీద ఇల్లున్నవాళ్లూ రెండో మాట లేకుండా తీసుకోవచ్చు. మరీ ఎక్కువ హార్స్ పవర్ ఉన్న కార్లకి కూడా అది అవసరమే. కానీ దానితోపాటు వింటర్ టైర్లు కొనండి. టైర్లకి డబ్బు చాలకపోతే ఆల్ వీల్ డ్రైవ్ వదులుకుని టైర్లు కొనండి. అదే కారు మీకు రెండో కారో మూడోదో అయి, ఎండాకాలం ఆదివారాల కోసమే అయితే, నాలుగు చక్రాలకి అదనంగా డబ్బు పెట్టడం వాడని పరుపుకి దుప్పటి కొన్నట్టే. తేలికైన రియర్ వీల్ డ్రైవ్ తీసుకుని, మిగిలిన డబ్బుతో నడపడం నేర్చుకోండి.

ఖర్చు సంగతి మనకే ఎక్కువ తెలియాలి, ఎందుకంటే ఆ లెక్కలు చూసేది చాలా ఇళ్లలో మనమే. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి నాలుగు టైర్లూ దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. ఒకటి కొత్తదీ మూడు పాతవీ అయితే కొత్త చక్రం చుట్టుకొలత కాస్త ఎక్కువ, దాని తిరుగుడు వేరు. ఆ తేడా లోపలి గేర్ల మీద పడుతుంది. కాబట్టి ఒక టైరుకి మేకు దిగి పాడైతే, మిగతావి బాగా అరిగి ఉన్నప్పుడు, నాలుగూ మార్చాల్సి రావొచ్చు. బరువు ఎక్కువ కాబట్టి పెట్రోలు కూడా కాస్త ఎక్కువే తాగుతుంది. ఇవన్నీ కొనేరోజు కాగితం మీద ఉండవు.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి ఇదంతా విని "మాకేం మంచు లేదుగా అక్కా" అంది. మంచు లేదు, వానలున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట వేగంగా పోతే, అరిగిన టైరు నీటిని పక్కకి తొయ్యలేక దాని మీదే తేలిపోతుంది. తేలుతున్న నాలుగు చక్రాలకి బలం పంపినా ఒకటే, రెండింటికి పంపినా ఒకటే. పట్టుకోవడానికి నేలే లేదు కదా. "ముందు మీ ఆయన కారు టైర్లు వంగి చూడు" అని చెప్పాను. చూసిందట. ఆ వారమే రెండు మార్పించింది.

ఇంతకీ మా ఇంటి కథ. మార్చిలో ఒక రాత్రి మళ్లీ గిన్నెల దగ్గరే మొదలుపెట్టాను. "నాలుగు చక్రాలది వద్దులెండి. మీకు నచ్చింది వెనక చక్రాలదే కదా, అదే కొనండి" అన్నాను. ఆయన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "మరి నీ సేఫ్టీ?" అన్నారు. అప్పుడు చెప్పాను అసలు సంగతి. నా భయం చక్రాల గురించి కాదనీ, అబ్బాయి గురించనీ. ఆల్ వీల్ డ్రైవ్ అన్నమాట నేను భద్రత కోసం వాడలేదు, ఆ సంభాషణ అక్కడితో ముగియడం కోసం వాడాను. ఆయన ఒప్పుకున్నదీ అందుకే. జనవరిలోనే ఇద్దరం మనసులో మాట చెప్పుకుని ఉంటే రెండు నెలలు వృథా అయ్యేవి కావు.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకూ వాడి గురించే భయం. నువ్వు అడగలేదు కదాని ఊరుకున్నా" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకి కూడా, ఇద్దరం ఒకే భయాన్ని చెరో గదిలో పెట్టుకుని తాళం వేసుకుంటాం చూడండి.

ఆ రాత్రే మూడు షరతులు రాసుకున్నాం. మొదటిది, ఆయన కారు కన్నా ముందు నా ఎస్‌యూవీకి వింటర్ టైర్లు. ఎందుకంటే శీతాకాలమంతా అమ్మాయిని తిప్పేది ఆ బండే. రెండోది, రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైన రోజు నుంచి వసంతం దాకా స్పోర్ట్స్ కారు గరాజ్ దాటదు. మూడోది, నేనూ అబ్బాయీ ఇద్దరం కారు జారితే ఏం చెయ్యాలో నేర్పే ఒకరోజు శిక్షణకి వెళ్లాలి. అప్పటిదాకా ఆ తాళాలు కొక్కేనికి ఉండవు.

మే నెలలో వెళ్లాం. నీళ్లు చల్లిన పెద్ద ఖాళీ స్థలం, అడ్డంగా పెట్టిన నారింజ రంగు కోన్లు. మొదటిసారి మా అబ్బాయి కారు బొంగరంలా తిరిగింది. బయటికొచ్చి నవ్వాడు గానీ, మొహంలో రంగు లేదు. వాడి మొహంలో అలాంటి భయం చూడటం నాకు ఎంత నిశ్చింతనిచ్చిందో చెప్పలేను. నాకూ మొదటి రెండుసార్లు తిరిగింది. మూడోసారి, నేర్పే ఆవిడ పక్కన కూర్చుని, జారుతున్న వైపు కాదు, వెళ్లాల్సిన వైపు చూడమంది. చూశాను. చేతులు వాటంతటవే అటు తిప్పాయి. వెనక భాగం ఒకసారి ఊగి, సర్దుకుని, తిన్నగా నిలబడింది. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, నిజంగా నడిపానని అనిపించింది ఆ రోజే.

వారం తర్వాత కారు ఇంటికొచ్చింది. నీలం రంగు. నోవైలోని వేంకటేశ్వరుడి గుడికి తీసుకెళ్లాం. అయ్యవారు బానెట్ మీద బొట్టు పెట్టి, దండ వేసి, హారతిచ్చి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మా అబ్బాయి నా చెవిలో "అమ్మా, వెనక చక్రాల బండి కదా, రెండు చాలవూ?" అన్నాడు. నవ్వొచ్చింది.

మా వారు నెమ్మదిగా బండి కదిలించారు. నాలుగు నిమ్మకాయలూ నలిగాయి. అయ్యవారి లెక్కే సరైనది. ఇంజన్ ఎన్ని చక్రాల్ని తిప్పినా, నేలని పట్టుకునేవి నాలుగూ. మీ ఇంట్లో ఏ కారు ఉన్నా సరే, ఈ ఆదివారం ఒకసారి వంగి ఆ నాలుగింటినీ చూడండి. ఆ తర్వాత, కారు అడుగుతున్న మనిషిని కూర్చోబెట్టి, మీకు నిజంగా దేనికి భయమో చెప్పండి. డీలరు దగ్గరికి ఆ పైన వెళ్లొచ్చు.